క్లాప్‌కి ముందు నవ్వు

జులై 6, శనివారం

క్లాసులో ఇవాళ ఒక ప్రశ్న వచ్చింది. పెద్ద ప్రశ్నేమీ కాదు. కాగితం మీద పెడితే బుర్రలోంచి పోతుందని రాస్తున్నాను.

మూడో వారం పాఠం, పాటల వీడియోలు. పాట మాటలకీ బొమ్మకీ మూడు రకాల చుట్టరికం ఉంటుందని బోర్డు మీద రాశాను. మాట చెప్పిందే బొమ్మ చూపిస్తుంది, లేదా దాన్ని ఇంకాస్త పెంచుతుంది, లేదా దానికి ఎదురు తిరుగుతుంది. మూడోదానికి ఉదాహరణగా ఎప్పుడూ వేసే ఆ పాత వీడియోనే వేశాను. ఇల్లు వదిలి వెళ్ళిపోయే అమ్మాయి పాట అది. “తలుపు దగ్గరగా వేశాను, గడియ పెట్టలేదు” అని గొంతు దిగులుగా పాడుతుంటే, బొమ్మలో మంచం మీద ఒక పెద్దాయన చెయ్యి నీళ్ళ గ్లాసు కోసం తడుముకుంటుంది. తర్వాతి షాటులో గుమ్మం బయట అమ్మాయి పకపకా నవ్వుతుంది. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. మూడు షాట్లు, ఏడు సెకన్లు. ఆ చోట ప్రతి ఏడాదీ క్లాసులో ఎవరో ఒకరు “అబ్బ!” అంటారు. ఇవాళా అన్నారు.

చెయ్యీ నవ్వూ విడివిడిగా ఏమీ చెప్పవు, పక్కపక్కన పెడితే మూడో అర్థం పుడుతుంది, దాన్ని పుట్టించేది ఎడిటర్ అని వివరించాను. చివర్లో పేర్లు రాకముందే వీడియో ఆపేశాను. ఎప్పుడూ ఆపేస్తాను. టైము చాలదు.

అప్పుడు లేచాడు బాబాయ్. క్లాసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది కనక నేనూ అలాగే రాస్తున్నాను. అరవై రెండేళ్ళు, నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసి, దుకాణం కొడుక్కి అప్పజెప్పి, ఇన్నాళ్ళూ చేసిన పనికి శాస్త్రం ఏమంటుందో తెలుసుకుందామని మా డిప్లొమాలో చేరాడు. ముందు బెంచీలో కూర్చుంటాడు.

“మేడమ్, ఆ అమ్మాయి అసలు దేనికి నవ్విందండీ?”

“కథ ప్రకారం చూస్తే, ఆమెకి స్వేచ్ఛ దొరికింది...”

“కథలో కాదండీ. తీసేటప్పుడు.”

పిల్లలు నవ్వారు. సిద్ధాంతానికి ఆ వివరం అవసరం లేదన్నాను. ఆయన “సరేనండీ” అని కూర్చున్నాడు గానీ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

పద్ధెనిమిదేళ్ళ కిందటి నవ్వు. దేనికి నవ్విందో ఎవరికి గుర్తుంటుంది? లైట్లు పట్టుకునేవాడు ఏదో అని ఉంటాడు.

జులై 7, ఆదివారం

పదింటికి చెల్లి ఫోన్ చేసింది. నాకు కాదు, అమ్మకి. ప్రతి ఆదివారం చేస్తుంది, రెండు నిమిషాలు మాట్లాడుతుంది. మందులు వేసుకున్నావా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి. అమ్మ “ఆ”, “ఊ” అంటుంది. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్ఫై రెండేళ్ళు ఆపరేటరుగా చేసిన మనిషి, “హలో” అంటే చాలు ఎవరింటి వాళ్ళో చెప్పేసే మనిషి, కూతురితో మాత్రం రాంగ్ నంబరు వచ్చినట్టు మాట్లాడుతుంది.

పెట్టేశాక ఎప్పటి మాటే అంది. “నాన్న మంచంలో ఉంటే పకపకా నవ్వింది. టీవీలో లోకమంతా చూసింది.”

“పాత సంగతి కదమ్మా.”

“కళ్ళతో చూసినదానికి పాతేమిటే, కొత్తేమిటి?”

రాసుకుంటేగానీ నాకే నమ్మకం కుదరదు. ఆ వీడియోలో అమ్మాయి మా చెల్లి. ఆ చెయ్యి మా నాన్నది. ఆ కట్ నాది. పన్నెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను, క్లాసులో ఒక్కరికీ చెప్పలేదు. అమ్మకి నేను దానికి ఎడిటింగ్ చేశానని తెలుసు. కానీ ఎడిటింగ్ అంటే అమ్మ లెక్కలో చిరిగినచోట అతుకు వేయడం. “నువ్వు అతుకులేశావు, అది నవ్వింది. నీ తప్పేముంది?” అంటుంది. నేను కాదనలేదు. ఆవిడతో వాదించి ఎవరు గెలిచారు కనక.

జులై 8, సోమవారం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వ్యవహారం. ఆయన మామూలుగా అడిగాడు, నేను మూడు రోజులనుంచి జవాబులు తయారు చేసుకుంటున్నాను. జరిగింది జరిగినట్టు రాసేస్తే సరి.

చెల్లి అప్పుడు ముగ్గురు స్నేహితులతో కలిసి పాడేది. అది వాళ్ళ మొదటి పాట. స్టూడియో దొరక్క మా ఇంట్లోనే తీశారు. అమ్మ డ్యూటీలో ఉంది. నాన్నకి ఒక పక్క పడిపోయి అప్పటికి ఏడాది, రెండో చెయ్యి బాగానే ఆడేది. పొద్దున ఆ చెయ్యి షాటు తీశారు. “మనిషి పనికిరాకపోయినా చెయ్యి హీరో అయిందర్రా,” అన్నాడు నాన్న. తర్వాత అలిసిపోయి నిద్రపోయాడు. భోజనాలయ్యాక గుమ్మం బయట చెల్లి వెళ్ళిపోయే షాట్లు తీశారు. వాటిలో ఒకదానికి ముందు, ఇంకా క్లాప్ కొట్టకముందే, కెమెరా తిరుగుతుండగా చెల్లి దేనికో నవ్వింది. నాన్న అప్పుడు నిద్రపోతున్నాడు.

అది మార్చి. జూన్‌లో నాన్న పోయాడు. జులైలో నేను కూర్చుని ఎడిట్ చేశాను, పని ఆగకూడదు కదా. ఆగస్టులో టీవీలో వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. పోయిన మనిషి చెయ్యి గ్లాసు కోసం తడుముకోవడం, కూతురు నవ్వడం చూశారు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెల్లి కూడా అదే మొదటిసారి చూడటం. ఏదో చెప్పబోయింది, ఎవరూ నమ్మలేదు. వారం తిరక్కుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు మూడు గంటల బస్సు దూరంలో పిల్లలకి పాటలు నేర్పుతోంది. మళ్ళీ ఏ వీడియోలోనూ కనపడలేదు. ఈ ఇంటి గుమ్మం తొక్కలేదు.

దర్శకుడికి ఆ కట్ తెగ నచ్చింది. అతను వద్దంటే ఉండేదే కాదు. కాబట్టి బాధ్యత సగం అతనిది. ఆ కట్ చూసే నన్ను కాలేజీలోకి తీసుకున్నారన్నది వేరే సంగతి.

జులై 10, బుధవారం

నాన్న నిద్రపోతున్నాడు. నాకు బాగా గుర్తు.

జులై 13, శనివారం

ఇవాళ కథకి ఐదు మెట్లు. అంతా సర్దుగా ఉంటుంది, ఏదో చెడుతుంది, చెడిందని తెలుస్తుంది, బాగుచేయబోతారు, మళ్ళీ సర్దుకుంటుంది, కానీ మునుపటిలా కాదు. మూడున్నర నిమిషాల పాటలో ఈ ఐదూ ఉండవేమో కదా అని ఒకమ్మాయి అడిగింది. ఉండనక్కర్లేదు, పాట రెండో మెట్టు దగ్గర మొదలై మూడో మెట్టు మీద ఆగిపోవచ్చు, మిగతాది చూసేవాళ్ళు ఇంటికి తీసుకెళ్తారు అన్నాను. మంచి జవాబే చెప్పాను. మా ఇంట్లో రెండో మెట్టు దగ్గరే పద్ధెనిమిదేళ్ళుగా ఆగిపోయామని అప్పుడు తట్టలేదు.

తర్వాత పాత్రల పట్టిక. నాయకుడు, విలన్, సాయం చేసేవాడు, పంపించేవాడు, నకిలీ నాయకుడు. ఆ పాత వీడియోకి ఈ పట్టిక నింపి తెమ్మని ఇంటిపని ఇచ్చాను.

క్లాసయ్యాక బాబాయ్ ఆగాడు.

“కోప్పడకపోతే ఒకటి అడుగుతానండీ. ఆ షూటింగు టేపులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?”

“ఎందుకండీ?”

“ఆ అమ్మాయి నవ్వేటప్పుడు కెమెరాకేసి చూడలేదు, పక్కకి చూసింది. అది నటన కాదండీ, క్లాప్‌కి ముందుది. కెమెరాకి కళ్ళొక్కటే కాదు కదా, చెవులు కూడా ఉంటాయి. వాటిని ఎవరూ లెక్కచెయ్యరు. పాట వేసి కిందున్న సౌండు తీసి పారేస్తారు.”

“షూటింగులో పాట గట్టిగా పెడతారు కదా. ఆ గోలలో ఏం పడుతుంది?”

“క్లాప్‌కి ముందు పాట పెట్టరు కదండీ.”

నేను పుస్తకాలు సర్దుకున్నాను. ఆయనే మళ్ళీ అందుకున్నాడు. “నేనూ పెళ్ళి టేపుల్లో అలాగే చేసేవాణ్ణి. అంతా అయ్యి పదేళ్ళు తిరిగాక ఎవరో ఒకరు దుకాణం ముందుకి వచ్చి నిలబడతారు. ‘మా అమ్మ పోయింది బాబాయ్, పెళ్ళి టేపులో ఎక్కడైనా ఆవిడ గొంతు ఉందా, ఒక్క మాట చాలు’ అంటారు. లేదని చెప్పడం చాలా కష్టమండీ. అప్పటినుంచి టేపు చెరపడం మానేశాను.”

కనుక్కుంటానన్నాను, ఎవరో పరాయివాళ్ళ టేపుల గురించి అన్నట్టు.

నిజానికి ఎడిటింగులో నేను మొట్టమొదట చేసే పని అదే. కెమెరా సౌండు లైను మూసేసి, పాట వేసుకుని, బొమ్మలు మాత్రం చూస్తాను. అందరూ అంతే. అప్పుడూ అంతే చేశాను. జులై అంతా ఆ గదిలో కూర్చుని నాన్న చెయ్యిని ముందుకీ వెనక్కీ తిప్పాను గానీ సౌండు లైను ఒక్కసారి కూడా తెరవలేదు.

జులై 14, ఆదివారం

పదింటి ఫోను మోగినప్పుడు నేనే దగ్గరగా ఉన్నాను. అమ్మ స్నానానికి వెళ్ళింది. ఏడుసార్లు మోగింది. లెక్కపెట్టాను.

జులై 20, శనివారం

ముప్ఫైనాలుగు పేపర్లు దిద్దాను. ముప్ఫైఒక్కటిలో విలన్ గడిలో “అమ్మాయి”. ఒకడు ఇంకాస్త ముందుకెళ్ళి “కన్నతండ్రికి గ్లాసు నీళ్ళివ్వని ఈమెని క్షమించకూడదు” అని రాసి కింద గీత గీశాడు. వాడు వాడి తల్లికి ఏనాడైనా గ్లాసు నీళ్ళిచ్చాడో లేదో. ఇద్దరు “సమాజం” అని రాశారు, అది ఏ ప్రశ్నకైనా రాస్తారు.

బాబాయ్ పట్టికలో అన్ని గడులూ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, విలన్ దగ్గరా నకిలీ నాయకుడి దగ్గరా ఖాళీ వదిలాడు. పక్కన పెన్సిలుతో చిన్నగా: “సౌండు వినలేదు కనుక రాయలేను.”

సగం మార్కులు వేశాను. మళ్ళీ కొట్టేసి నిండా వేశాను. పాత్రల పట్టికలో అన్నిటికన్నా చెప్పడం కష్టం నకిలీ నాయకుడి గురించే. పిల్లలు ఎప్పుడూ తికమకపడతారు. విలన్ కాదర్రా, మంచివాడిలాగే ఉంటాడు, ఇంకొకరికి దక్కాల్సింది తను తీసుకుంటాడు, చివర్లో గుర్తుపట్టేదాకా పీట మీదే కూర్చుంటాడు అని చెబుతాను. ఇన్నేళ్ళూ మంచి ఉదాహరణ దొరకలేదు నాకు.

జులై 21, ఆదివారం

అమ్మ మధ్యాహ్నం పడుకున్నాక నిచ్చెన వేసుకుని అటకెక్కాను. చెప్పుల డబ్బాలో మూడు చిన్న టేపులు, మీద నా దస్తూరీ. “చెయ్యి”. “గది”. “గుమ్మం”.

“ఏం వెతుకుతున్నావే అక్కడ?” అమ్మ. నిద్రపోలేదన్నమాట.

“పాత చెప్పులమ్మా.”

“కొత్తవి కొనుక్కోలేవా ఏం?”

అబద్ధం ఆడితే అమ్మ మొహం చూడదు, గొంతు వింటుంది. అందుకే నిచ్చెన దిగకుండా, అటకలోకి తల పెట్టే మాట్లాడాను.

జులై 24, బుధవారం

టేపులు నా అల్మరాలో ఉన్నాయి. అటక మీద ఉన్నప్పుడే నయం.

జులై 26, శుక్రవారం

ఆ టేపులాడే మిషన్లు కాలేజీలో ఎప్పుడో తీసేశారు. బాబాయ్ దుకాణంలో ఉండి ఉంటుంది. అడగను. తల పగిలినా అడగను అనుకున్నాను గానీ సాయంత్రం ఫోన్ చేసి అడిగాను. “ఆదివారం మూడింటికి రండమ్మా,” అన్నాడు, ఎవరి టేపులని అడగలేదు.

జులై 28, ఆదివారం

విన్నాను.

జులై 29, సోమవారం

సెలవు పెట్టాను. కడుపులో బాగాలేదని అమ్మకి చెప్పాను, ఆవిడ నావైపు ఒకసారి చూసి మజ్జిగ కలిపి ఇచ్చింది.

నిన్న బాబాయ్ దుకాణం వెనక గది. ముందు గదిలో కొడుకు పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాడు, “గడ్డం కొంచెం పైకండీ” అని వినపడుతోంది. గోడ పొడవునా టేపులు, ఒక్కోదాని మీద రెండేసి పేర్లు. బాబాయ్ మిషన్ తుడిచి, హెడ్‌ఫోన్ నా చేతికిచ్చి లేచాడు.

“మీరూ ఉండండి,” అన్నాను.

“ఎవరి టేపు వాళ్ళే వినాలండీ. బయట ఉంటా.”

“గుమ్మం” టేపు పెట్టాను. ఒకటో టేకు, రెండో టేకు, పాట, చప్పట్లు, మళ్ళీ పాట. వేగంగా తిప్పుకుంటూ వెళ్ళాను. పన్నెండో టేకుకి ముందు ఆపాను. గుమ్మం మెట్టు మీద చెల్లి, నీలం చున్నీ, చేతిలో పెట్టె. ఇరవై రెండేళ్ళ పిల్ల. వినపడింది వినపడినట్టు రాస్తున్నాను.

దర్శకుడు: “ఈసారి బాధ కనపడాలమ్మా. పుట్టిన ఇల్లు వదిలేసి వెళ్ళిపోతున్నావు.”

కిటికీలోంచి నాన్న: “ఎన్నిసార్లు వెళ్తావే? అన్నం తిన్నప్పటినుంచి పదకొండుసార్లు వెళ్ళావు. వెళ్ళేదేదో వెళ్ళు, కాస్త కాఫీ పెట్టి వెళ్ళు.”

చెల్లి కిటికీవైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వే. మనకి ఏడు సెకన్లలో కనపడేది దాని మొదటి ముక్క. మొత్తం చాలా పెద్ద నవ్వు, పెట్టె కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వు కాస్త ఒక పక్కకి ఈడ్చినట్టు ఉండేది. మరిచిపోయాను ఆ సంగతి.

అప్పుడు ఇంకో గొంతు, కెమెరాకి బాగా దగ్గరగా: “అబ్బ, కాసేపు ఊరుకో నాన్నా. షాట్ పాడైపోతోంది.”

నాది.

అడుగుల చప్పుడు. కిటికీ రెక్కలు దగ్గరగా లాగి గడియ పెట్టిన చప్పుడు. క్లాప్. పాట.

టేపు చివరిదాకా విన్నాను. ఇంకెక్కడా నాన్న లేడు. కిటికీ మూశాను కదా. నలభై నిమిషాల టేపులో ఆయన గొంతు పదిహేను సెకన్లు. ఇంట్లో ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. పైగా ఆ సౌండు ఎలాగూ తీసి పారేసేదే. ఆయన సాయంత్రందాకా మాట్లాడినా ఏ షాటూ పాడయ్యేది కాదు. నాకు అప్పటికే పని తెలుసు. ఆ సంగతీ తెలుసు.

ఈ నెల పదో తారీకున “నాకు బాగా గుర్తు” అని రాశాను. ఎనిమిదో తారీకున చెల్లి గురించి “ఏదో చెప్పబోయింది, ఎవరూ నమ్మలేదు” అని రాశాను. అది తప్పు. చెల్లి ఏదో చెప్పబోవడం కాదు, స్పష్టంగా చెప్పింది. టీవీ ముందు నిలబడి, “నాన్నే నవ్వించాడమ్మా” అంది. అమ్మ నావైపు చూసింది. షూటింగు రోజు ఇంట్లో ఉన్న పెద్దదాన్ని నేనే కనక అందరూ నావైపు చూశారు. నేను “నాన్న అప్పుడు నిద్రపోతున్నాడు కదే” అన్నాను.

ఒక్క మాట. అప్పటికి కట్ టీవీలో వచ్చేసింది, దర్శకుడు మెచ్చుకున్నాడు, అందరూ నా పేరు అడుగుతున్నారు. నాన్న నవ్వించాడంటే ఆ కట్ అబద్ధమైపోతుంది. అందుకని నాన్నని నిద్రపుచ్చాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది.

చెల్లి నన్ను చూసింది. నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో అమ్మతో “అక్క అబద్ధం చెప్పింది” అని ఒక్కసారి అనలేదు.

బయటికొచ్చేసరికి బాబాయ్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ ముక్క పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. “గొంతు దొరికిందా అమ్మా?” అన్నాడు. రెండు దొరికాయన్నాను.

జులై 31, బుధవారం

అమ్మకి చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకో. అయినా చెప్పాలి.

రేపు.

ఆగస్టు 1, గురువారం

అమ్మకి మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నాయి. ఇవాళ వద్దు.

ఆగస్టు 2, శుక్రవారం

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అయినా చెప్పలేదు.

ఆగస్టు 3, శనివారం

సులువైనది ముందు చేశాను. క్లాసులో ఆ వీడియో మళ్ళీ వేసి, ఈసారి చివరిదాకా ఉంచాను. పేర్లు పైకి పోతుంటే పిల్లలు చదివారు, ఎడిటర్ పేరు దగ్గర నన్ను చూశారు. ఆ అమ్మాయి మా చెల్లి అని చెప్పాను. ఆ నవ్వు దేనికో కూడా చెప్పాను. టేపు మాత్రం వినిపించలేదు, అది ముందు వినాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

క్షమించకూడదని గీత గీసిన ఆ అబ్బాయి చెయ్యెత్తాడు. “మేడమ్, మరి మా పేపర్లు అన్నీ తప్పేనా?”

“కాదురా. తెర మీద ఉన్నది మీరు సరిగ్గానే చదివారు. తప్పు అక్కడ అలా పెట్టినవాళ్ళది, చదివినవాళ్ళది కాదు.”

బాబాయ్ తన పేపరు తీసి ఖాళీగా ఉన్న రెండు గడులకేసి చూశాడు. పెన్సిలు తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన మర్యాద ఆయనది. నేనైతే నకిలీ నాయకుడి గడి నింపేదాన్ని.

ఆగస్టు 4, ఆదివారం

తొమ్మిదింటికి అమ్మ పక్కన కూర్చున్నాను. ఫోనులో పెట్టి ఇచ్చాను. “ఒకటి విను,” అన్నాను, అంతే. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఎక్స్‌చేంజిలో లైను సరిగ్గా లేనప్పుడు అలాగే వినేదట.

నాన్న మాట వచ్చినప్పుడు చెయ్యి నా మోకాలి మీద పడింది. గట్టిగా పట్టుకుంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. మూడోసారి అయ్యాక కళ్ళు తెరిచింది.

“ఊరుకో నాన్నా అన్నది ఎవరే?”

“నీకు తెలుసు కదమ్మా.”

“తెలుసు. నువ్వు చెప్పాలని అడుగుతున్నా.”

చెప్పాను. కిటికీ వేసింది నేనే, ఆ నవ్వుని తెచ్చి ఆ చెయ్యి పక్కన పెట్టింది నేనే, నాన్న నిద్రపోతున్నాడన్నది నేనే. మూడూ చెప్పేసరికి నా గొంతు ఎవరిదోలా ఉంది. సిగ్గేసింది. ఏడుపు రాలేదు, వస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

అమ్మ చాలాసేపు కొంగు అంచు మడతపెట్టుకుంటూ కూర్చుంది. “పద్ధెనిమిదేళ్ళు దాని మీద పెట్టుకున్నానే కోపం. ఇప్పుడు దాన్ని తీసి ఎక్కడ పెట్టను? నీ మీద పెట్టాలంటే ఇంకో పద్ధెనిమిదేళ్ళు కావాలి, అంత వయసు నాకు లేదు.”

పదింటికి ఫోను మోగింది. అమ్మ తీసింది. అటునుంచి “మందులు వేసుకున్నావా?” అని చెల్లి గొంతు నాక్కూడా వినపడింది. అమ్మ దానికి జవాబివ్వలేదు.

“నాన్న గొంతు విన్నానే,” అంది.

నేను లేచి బయట మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ లోపల తలుపు వేసుకుంది. యాభై నిమిషాలు మాట్లాడుకున్నారు.

ఆగస్టు 6, మంగళవారం

టేపు ముక్క చెల్లికి పంపాను. కింద ఏం రాయాలో గంటసేపు ఆలోచించి, “నువ్వు చెప్పిందే నిజం. నాకు అప్పుడే తెలుసు” అని రాశాను. “నాకు అప్పుడే తెలుసు” అన్నది రెండుసార్లు చెరిపి మళ్ళీ పెట్టాను.

సాయంత్రం జవాబు వచ్చింది. “నేను వినక్కర్లేదు. నేను అక్కడే ఉన్నాను.”

ఆగస్టు 7, బుధవారం

ఇంకో జవాబు. “ఆదివారం వస్తున్నా. అమ్మ కోసం.”

ఆగస్టు 9, శుక్రవారం

అమ్మ కర్టెన్లు ఉతికించింది. నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. ఆ “ఆ”, “ఊ” ఇప్పుడు నా వాటాకి వచ్చాయి. పడాల్సిందే.

ఆగస్టు 11, ఆదివారం

పదకొండింటి బస్సుకి వచ్చింది. కణతల దగ్గర జుట్టు నెరిసింది. గుమ్మం మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి కిటికీకేసి చూసి లోపలికొచ్చింది. అమ్మ దాని మొహం రెండు చేతులతో పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

భోజనాలప్పుడు అందరం పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకున్నాం. తర్వాత నేనే ఎత్తాను. క్షమించమని అడిగాను. ఏవేవో పెద్ద వాక్యాలు తయారు చేసుకున్నాను గానీ నోటికి రెండు ముక్కలే వచ్చాయి.

“అడిగావుగా,” అంది చెల్లి. అంతే. అవుననీ లేదు, కాదనీ లేదు.

అమ్మ ఫోను తీసింది. చెల్లి “వద్దమ్మా” అంటూనే ఉంది, అమ్మ పెట్టేసింది. నాన్న గొంతు గదిలోకి వచ్చింది. చెల్లి తల వంచుకుని వింటోంది. “కాస్త కాఫీ పెట్టి వెళ్ళు” దగ్గరికి వచ్చేసరికి, టేపులో నవ్వు మొదలవక ముందే, తను నవ్వేసింది. పెద్ద నవ్వు. పన్నెండేళ్ళుగా నేను క్లాసులో ఆపి చూపించిన నవ్వు అది, నాకిప్పటిదాకా తెలియనే తెలియదు. తర్వాత నా గొంతు వచ్చింది, కిటికీ చప్పుడు వచ్చింది. ముగ్గురం దాన్ని కూడా విన్నాం.

మూడున్నరకి చెల్లి సంచీ తీసుకుంది. నాలుగింటి బస్సు. చెప్పులు వేసుకుంటుంటే అమ్మ కూర్చున్నచోటినుంచి కదలకుండా అంది.

“వెళ్ళేదేదో వెళ్ళు. కాస్త కాఫీ పెట్టి వెళ్ళు.”

చెల్లి ఒక చెప్పు వేసుకుని, ఒకటి వేసుకోకుండా నిలబడిపోయింది. తర్వాత రెండూ విప్పేసి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడైంది. పంచదార డబ్బా ఎక్కడుందని అడగలేదు, అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మూడు కప్పులు తెచ్చింది. అమ్మది అమ్మ చేతికిచ్చింది. నాది చేతికివ్వలేదు, నా ముందు బల్ల మీద పెట్టింది. ఒక గుక్క తాగాను. రెండు చెంచాల పంచదార వేసింది, అప్పట్లో నేను తాగినట్టే. నేను పంచదార మానేసి ఆరేళ్ళయింది.

అడుగుదాకా తాగాను.